జాబితాలో నిలిచిన పాటలు, జారిపోయిన పాటలు

పాట ఒకేచోట నిలిచియుండునది కాదు. కంఠమునుండి తాటాకునకు, తాటాకునుండి అచ్చుపుస్తకమునకు, పుస్తకమునుండి గ్రామఫోను ప్లేటునకు, అచటినుండి రేడియోకు, క్యాసెట్టునకు, నేడు చేతిలోని ఫోనునకు అది ప్రయాణము చేయుచునే యున్నది. ఇల్లు మారువాడు పాత యింటి సామానంతయు క్రొత్త యింటికి మోసికొనిపోలేడు. కొంత తీసికొనును, కొంత విడిచిపోవును. పాటల సంగతియు నంతియే. ఏవి తీసికొనవలెను, ఏవి విడువవలెను అని ఎవరో ఒకరు జాబితా వ్రాయవలసి వచ్చును. జాబితా వెలువడిన మరునాడే వాదము మొదలగును. “మా పాట ఏమైనది?” అని రసికులు అడుగుదురు. ఈ వ్యాసమున మేము చెప్పబూనినది అట్టి వాదముల చరిత్రయే. అందును మన బెంగుళూరు నగరమునకును, మైసూరు సీమకును సంబంధించిన భాగమునే ముఖ్యముగా గ్రహించితిమి.

ఈ వాదము మన యిండ్లలోని పిల్లలకును తెలియనిది కాదు. 1998లో జపాను దేశమున కొనామి అను సంస్థ ‘డాన్స్ డాన్స్ రెవల్యూషన్’ అను నాట్యక్రీడాయంత్రమును వెలువరించెను. పాట మ్రోగుచుండగా తెరపై బాణపు గుర్తులు పైకి సాగిపోవుచుండును. ఆడువాడు కాళ్లక్రింది పలకపై ముందు, వెనుక, కుడి, ఎడమ అను నాలుగు గళ్లను తాళము తప్పక తొక్కవలెను. ఆటశాలలలో నిలిపిన ఆ పెద్దయంత్రము 1999లో జపానున ఇంటిలో ఆడుకొను ప్లేస్టేషన్ ప్రతిగా వచ్చెను. 2001లో అమెరికా యిండ్లకు వేరొక ప్రతి వచ్చెను. ఆటశాల జాబితాయు ఇంటి ప్రతి జాబితాయు ఒకటే కావు. జపాను ప్రతిలోని పాటలన్నియు అమెరికా ప్రతిలో లేవు. అందలి పాటలలో పెక్కు తోషిబా ఇ.ఎం.ఐ. వారి ‘డాన్స్‌మేనియా’ సంపుటములనుండి అనుమతి పొంది గ్రహించినవి. ఒక యంత్రమునకు లభించిన అనుమతి మరియొక దానికి లభింపకపోవచ్చును. 2009లో యూబిసాఫ్ట్ వారి ‘జస్ట్ డాన్స్’ వచ్చినది మొదలు ప్రతి క్రొత్త కూర్పునకును ఒక క్రొత్త జాబితా వచ్చుచున్నది. ఏ ప్రతిలో ఏ పాట చేరినది, ఏది జారినది, జారినదానికి బదులు వచ్చినది దానికి సాటియగునా యని ఆ ఆటల అభిమానులు ఎడతెగక వాదించుకొందురు.

పెద్దలకు ఇది పిల్లచేష్టగా తోచవచ్చును. మాకట్లు తోచలేదు. ఆ వాదమును విప్పిచూచినచో అందు మూడు ప్రశ్నలు కానవచ్చును. పాత్రలో ఎంత పట్టును? లోపల చేర్చుటకు ఎవరి అనుమతి కావలెను? ఎవరి అభిరుచి, ఎవరి భాష ప్రమాణము? ఈ మూడు ప్రశ్నలును దక్షిణదేశపు గానసభలలోను, నాట్యవేదికలమీదను నూరేండ్లకు పైగా వినబడుచున్నవే. వానికి లభించిన సమాధానములను బట్టియే నేడు మన చెవిని పడు తెలుగు పాట యేది, పడని పాట యేది అను సంగతి నిర్ణయమైనది.

ముందుగా, కన్నడదేశపు నడిబొడ్డున తెలుగు పాటకు చోటెట్లు కలిగెనో చూతము. 1537లో బెంగుళూరు కోటను నిర్మించిన కెంపేగౌడ పేరట ‘గంగాగౌరీవిలాసము’ అను తెలుగు యక్షగానము ప్రసిద్ధమై యున్నది. పాటయు ఆటయు కలిసిన రచనకు ఈ నగరమున తెలుగును వాడుట ఎంత పాతదో ఆ ప్రసిద్ధియే చెప్పుచున్నది. మైసూరున ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు ఆస్థానమునకు తంజావూరు సోదరులలో పెద్దవాడగు చిన్నయ్య వచ్చెను. చిన్నయ్య, పొన్నయ్య, శివానందము, వడివేలు అను ఆ నలువురు అన్నదమ్ములు తమిళనాటివారైనను వారి రచనలలో పెక్కు తెలుగున నున్నవి. అలరింపు, జతిస్వరము, శబ్దము, వర్ణము, పదము, జావళి, తిల్లాన అను వరుసను ఒక కచేరీక్రమముగా స్థిరపరచినవారు వారే. నాట్యమునకు సంబంధించినంతవరకు మనమెరిగిన తొలి గొప్ప జాబితా ఇదియే యనవచ్చును.

ఆ జాబితా చేసిన మేలు గొప్పది. ఏ యూరి నర్తకియైనను ఏ యూరి సభలోనైనను ఆడుటకు ఒక బాట యేర్పడెను. కాని బాట పడినచోట ప్రక్కనున్న పొలము మరుగుపడుట సహజము. పదమునకు కచేరీలో ఒక చోటు కలిగెను. ఆ చోటు ఒకటి రెండు పదములకే చాలును. క్షేత్రయ్య తాను తిరిగిన రాజాస్థానములలో రచించిన పదములు నాలుగువేలకు మించినవని ఆయన పదమునుబట్టియే చెప్పుకొనుచున్నాము. నేడు లభించునవి కొన్ని వందలు మాత్రమే. లభించినవానిలోను గాయకులకు పాఠాంతరముగా వచ్చినవి మిక్కిలి తక్కువ. తక్కినవానిని పండితులు వెదకి అచ్చు వేయించినను, మాట మిగిలెనేకాని వరుస మిగులలేదు. విస్సా అప్పారావుగారి వంటివారు శ్రమపడి సేకరింపకపోయినచో ఆ మాటయు మిగిలెడిది కాదు.

ఇక రెండవ ప్రశ్న: అనుమతి. దీనికి మన నగరము పేరును తన పేరుతో మోసిన యొక మహనీయురాలి చరిత్రయే ఉదాహరణము. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1878లో నంజనగూడునందు జన్మించిరి. తల్లి పుట్టలక్ష్మి. సంస్కృతము, కన్నడము, తెలుగు నేర్చి, సంగీతమునను నాట్యమునను కీర్తి గడించి, తరువాత మద్రాసునకు చేరిరి. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమున నుండిన ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ అను కావ్యము ఆమె చేతికి వచ్చెను. 1887లో పైడిపాటి వెంకటనరసుగారు పరిష్కరించిన ముద్రణ అది. దానిని వ్రాతప్రతితో పోల్చి చూడగా అచ్చులో కొన్ని పద్యములు లేవు. కవయిత్రి తన వంశమును గూర్చి, తన గురువులను గూర్చి చెప్పుకొన్న పీఠికాభాగమును లేదు. ఒక ప్రతిలో నున్నది మరియొక ప్రతిలో ఏల లేదు అను ప్రశ్న ఆమెకు కలిగెను. నేటి క్రీడాభిమానులు అడుగు ప్రశ్నయు నదియే. కాని ఆమె దానిని ప్రశ్నగా విడువలేదు.

లోపించిన భాగములను చేర్చి 1910లో వావిళ్లవారిచేత పూర్ణప్రతిని అచ్చు వేయించిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ ‘ఆంధ్రకవుల చరిత్రము’న ముద్దుపళనిని శృంగారము మితిమీరినదని నిందించియుండిరి. స్త్రీ వ్రాసినందున తప్పైనది పురుషులు వ్రాసినచో ఒప్పెట్లగునని నాగరత్నమ్మగారు తమ పీఠికలో ఆయననే ప్రశ్నించిరి. 1911లో ప్రభుత్వము అసభ్యమని నిర్ణయించి ప్రతులను స్వాధీనము చేసికొనెను. పండితులు మొరపెట్టుకొన్నను ఫలము లేకపోయెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా నున్న 1946–47 కాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. 1952లో నాగరత్నమ్మగారు పరమపదించిరి. ఒక పుస్తకము పూర్తిగా నుండవలెనని కోరినందులకు ముప్పదియైదేండ్లు వేచియుండవలసివచ్చినది. కన్నడసీమలో పుట్టిన స్త్రీ తెలుగు కావ్యము కొరకు చేసిన ఈ పోరాటమును మన నగరపు తెలుగు కుటుంబములు తమ బిడ్డలకు కథగా చెప్పదగును.

ఆమె చేసిన రెండవ ఘనకార్యమును జాబితాల చరిత్రలోనే చేరును. తిరువయ్యారున పాడుపడియున్న త్యాగరాజస్వామి సమాధికి తన సొత్తు వెచ్చించి మందిరము కట్టించిరి. 1925లో ప్రతిష్ఠ జరిగెను. అప్పటి ఆరాధనోత్సవములను రెండు కక్షలవారు వేరువేరుగా జరుపుచుండిరి. స్త్రీలకు అందు పాడు అవకాశము లేదు. ఆమె 1927లో స్త్రీలతో ప్రత్యేకముగా ఆరాధన నడపిరి. 1940 ప్రాంతమున కక్షలన్నియు కలిసి ఒక్కటైనవి. అందరును ఒక్కగొంతుకతో పాడుటకు అందరికిని తెలిసిన పాటలు కావలెను గదా! నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోని పంచరత్నకృతులు ఆ చోటును పొందినవి. వానిలో మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. నేడు బెంగుళూరున పుష్యబహుళపంచమినాడు ఏ సభకు పోయినను ఆ అయిదు కృతులు వినబడును. కన్నడిగులు, తమిళులు, మలయాళీలు ప్రక్కప్రక్కన కూర్చుండి తెలుగు పాడుదురు. ఆ జాబితా మనలను కలిపినది. అయితే త్యాగరాజస్వామివని లభించు కృతులు సుమారు ఏడువందలు. తక్కినవానిలో ఎన్నింటిని మనము విన్నామో ఎవరికి వారే లెక్కించుకొనవలెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు, అనగా పాత్ర పరిమాణమునకు వత్తము. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాట రికార్డు చేయబడుటతో భారతదేశమున గ్రామఫోను యుగము ఆరంభమైనది. ఆ గాయని చివరకు మైసూరు ఆస్థానమున చేరి 1930లో మైసూరునందే మరణించెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ ప్లేటు ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషముల పాటనే పట్టగలిగినది. విలంబకాలమున తీరికగా సాగు పదమునకు ఆ చోటు చాలదు. చిన్నది, చురుకైనది యగు జావళికి సరిగా సరిపోవును. కనుకనే తొలికాలపు ప్లేట్లలో తెలుగు జావళులు విరివిగా కనబడును. కోయంబత్తూరు తాయి, వీణ ధనమ్మాళ్ వంటివారి సంగీతము అట్లు నిలిచినది. ధర్మపురి సుబ్బరాయరు జావళులును, మైసూరు సీమకు చెందిన పట్టాభిరామయ్య జావళులును సంగీతప్రియుల యిండ్లలో ఆదరము పొందినవి. పదము కన్న జావళి గొప్పదని ఎవరును తీర్మానింపలేదు. ప్లేటు వెడల్పే ఆ తీర్పు చెప్పినది. పాత్ర తన కొలతను పాటమీద రుద్దుట అప్పటినుండియు మనము చూచుచునే యున్నాము. ఆటయంత్రముల కొరకు పాటను రెండు నిమిషములకు కత్తిరించుటయు ఆ త్రోవలోనిదే.

నాట్యమున మరియొక జల్లెడ పట్టిరి. అది నీతి యను జల్లెడ. మైసూరు ప్రభుత్వము 1909లో దేవాలయములలో దేవదాసీల సేవను మాన్పించెను. మద్రాసు రాష్ట్రమున 1947లో చట్టము వచ్చెను. ఒక దురాచారము తొలగుట మంచిదే. కాని దానితోబాటు ఆ స్త్రీల నోట నున్న పాటలును కొట్టుకొనిపోవునట్లయ్యెను. 1936లో కళాక్షేత్రమును స్థాపించిన రుక్మిణీదేవిగారు భక్తిరసమునకు ప్రాధాన్యమిచ్చి, శృంగారము ప్రబలమైన పదములను వేదికకు తగవని వదలిరి. ధనమ్మాళ్ మనుమరాలు బాలసరస్వతిగారు దీనిని అంగీకరింపలేదు. శృంగారమును విడదీసినచో నాట్యము ప్రాణము కోల్పోవునని వాదించి, క్షేత్రయ్య పదములను తుదివరకు అభినయించిరి. ఇద్దరును మహావిదుషీమణులే, ఇద్దరి వాదములోను బలమున్నది. ఒకరి జాబితా నాట్యమును కులస్త్రీల యిండ్లకు చేర్చినది. మరియొకరి జాబితా పదమును బ్రతికించినది.

మైసూరు నాట్యసంప్రదాయమున ఈ రెండవ పని జట్టి తాయమ్మగారు చేసిరి. 1857లో జన్మించి 1947వరకు జీవించిన ఆమె సంస్కృత శ్లోకములతోబాటు తెలుగు పదములను, జావళులను అభినయించుటలో దిట్ట. ఆమె శిష్యురాలు కె. వెంకటలక్ష్మమ్మగారు ఆస్థాననర్తకియై, తరువాత మైసూరు విశ్వవిద్యాలయమున బోధించి, 1992లో పద్మభూషణ బిరుదము పొంది, 2002లో కీర్తిశేషులైరి. ఆమె పుట్టుకచే లంబాణీ. లంబాణీ స్త్రీ, కన్నడ ఆస్థానమున, తెలుగు పదమునకు ముఖాభినయము పట్టి బెంగుళూరు మైసూరు బాలికలకు నేర్పినది. భాషను కాపాడువారు ఆ భాషలో పుట్టినవారే కానక్కరలేదని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. మన కాలమున గుబ్బి వీరణ్ణగారి మనుమరాలగు వైజయంతీ కాశిగారు బెంగుళూరున కూచిపూడి నేర్పుటయు ఈ కోవలోనిదే.

మూడవ ప్రశ్న భాష. ఇది అన్నిటికంటె సున్నితమైనది. 1941లో అన్నామలై విశ్వవిద్యాలయమున జరిగిన సభలో కచేరీలలో తమిళపాటలకు ప్రాధాన్యముండవలెనని తీర్మానించిరి. రాజా అన్నామలై చెట్టియారుగారు దానికి వెన్నుదన్ను. రాజాజీ, కల్కి వంటివారు దానిని సమర్థించిరి. 1943లో మద్రాసున తమిళ్ ఇసై సంగము వెలసెను. సంగీతమునకు భాషాభేదము లేదని మద్రాసు సంగీత విద్వత్సభవారు బదులు చెప్పిరి. తెలుగువారిలో పలువురు ఆనాడు నొచ్చుకొనిరి. ఆ నొప్పి అర్థము కానిది కాదు. కాని తన ఊరి సభలో తనకు తెలిసిన మాట వినవలెనని సామాన్యుడు కోరుట తప్పెట్లగును?

ఆ ప్రశ్నయే కొంత రూపము మారి బెంగుళూరునకు వచ్చెను. 1939లో ఆరంభమైన శ్రీరామసేవామండలి వారి రామోత్సవములు చామరాజపేటలోని కోట హైస్కూలు మైదానమున జరుగుచు, దక్షిణదేశపు విద్వాంసులందరికిని ముఖ్యవేదిక యైనవి. 1960ల తొలినాళ్లలో అ.న. కృష్ణరాయరు మొదలగు కన్నడ రచయితలు కన్నడ సంగీతకారులకు ఈ నగరపు సభలలో తగిన చోటు లేదని ఉద్యమించిరి. పొరుగు రాష్ట్రములవారికే పెద్దపీట వేయుచున్నారని వారి యాక్షేపణ. దాసరపదములు కచేరీ చివర తీరికవేళ పాడు చిల్లర పాటలుగా మిగిలినవను బాధయు చాలమంది కన్నడ రసికులకు కలదు. కర్ణాటక సంగీతమునకు పితామహుడని మనమందరము కొలుచు పురందరదాసు కన్నడకవి గదా! ఆయన పాట ఆయన దేశమున చివరివరుసలో కూర్చుండుట న్యాయమా అని అడిగినచో మనయొద్ద బదులు లేదు. బిడారం కృష్ణప్పగారు అంతకు పూర్వమే దేవరనామములను కచేరీలలో ఆదరముతో పాడి త్రోవ చూపియుండిరి. నేడు బెంగుళూరు కచేరీలలో దేవరనామము లేని సభ అరుదు. అట్లు కావుటచే తెలుగు కృతికి నష్టమేమియు కలుగలేదు.

ఈ విషయమున మైసూరు వాసుదేవాచార్యులవారి జీవితము మనకు గొప్ప పాఠము. 1865నుండి 1961వరకు జీవించిన ఆయన కన్నడిగులు. తాము చూచిన విద్వాంసులను గూర్చి చక్కని కన్నడమున పుస్తకము వ్రాసిరి. కాని కృతులను మాత్రము ఎక్కువగా తెలుగునను సంస్కృతమునను రచించిరి. గురువు పట్నం సుబ్రహ్మణ్యయ్యరువారి సంప్రదాయము అది. ఖమాసు రాగములో ఆయన రచించిన ‘బ్రోచేవారెవరురా’ అను కృతిని ఎరుగని తెలుగువాడుండడు. రచించినవారు కన్నడిగులని ఎరిగినవారు మాత్రము కొందరే. ఒకరి భాషను మరియొకరు ఇంత ప్రేమించినచోట, సభాజాబితాలో ఎవరి పాట ముందు అను తగవు మర్యాదను దాటి పోకుండవలెను.

జాబితా వ్రాయువాడు ఎట్లుండవలెనో తెలిసికొనగోరువారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారిని స్మరింపవలెను. అనంతపురము జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో 1912 మొదలు 1949వరకు తెలుగు బోధించి, బిడారం కృష్ణప్పగారియొద్ద సంగీతమభ్యసించి, కన్నడమునను తెలుగునను సమానముగా వ్రాసిన పండితులాయన. తరువాత తిరుపతికి పోయి అన్నమాచార్యుల సంకీర్తనలను పరిష్కరించు పనిలో కూర్చుండిరి. అన్నమయ్య ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించెనని ప్రతీతి. తిరుమల రాగిరేకులలో లభించినవి సుమారు పదునాలుగువేలు. రేకులపై రాగము పేరున్నది, మాటయున్నది, వరుస లేదు. అయిదువందల యేండ్లనాటి పాట మూగదై పడియున్నది. శర్మగారు నూరింటికి పైగా సంకీర్తనలను ఎన్నుకొని స్వరపరచిరి. రేకుపై నున్న రాగమును, మాట నడకను, కాలపు మర్యాదను ఆలోచించి చేసిన పని అది. 1974లో సంగీతకళానిధి బిరుదము పొంది, కడపటి సంవత్సరములు బెంగుళూరున గడపి, 1979లో పరమపదించిరి.

శర్మగారి పనియందు మేము ముఖ్యముగా గమనించునది ఒకటి కలదు. వారు కొన్ని పాటలను ఎన్నుకొనిరి, తక్కినవానిని దాచలేదు. సంపుటములన్నియు అచ్చుపడుటకు పరిష్కర్తగా పాటుపడిరి. ఎన్నిక ఒక వైపు, సమగ్రముద్రణ మరియొక వైపు నడచినవి. అందుచేత తరువాతివారికి మరల ఎన్నుకొను స్వేచ్ఛ మిగిలినది. రాగిరేకులలో శృంగారసంకీర్తనలే పెక్కు. అధ్యాత్మసంకీర్తనలు వానికన్న చాల తక్కువ. జనులు ఎరిగినవి మాత్రము అధ్యాత్మసంకీర్తనలే యెక్కువ. రేపొక గాయని ఆ మరియొక భాగమునుండి పాట తీయదలచినచో పుస్తకము తెరచియే యున్నది. నాగరత్నమ్మగారు కోరినదియు ఇంతే గదా: ఎవరికేది నచ్చినను, మూలము మాత్రము పూర్తిగా నుండవలెను.

ఇంతవరకు చెప్పినవి ఏదో యొక జాబితాలో చేరిన పాటలు. ఏ జాబితాకును ఎక్కని పాటలు మన యిండ్లలోనే యున్నవి. చిక్కబళ్లాపురము, కోలారు సీమలలో కైవారము నారేయణ తాతయ్యగారి తెలుగు తత్త్వములను భజనగోష్ఠులలో కన్నడిగులు, తెలుగువారు కలిసి పాడుదురు. సంగీతసభలలో అవి వినబడుట అరుదు. మన నగరపు పాతపేటలలో తరతరములుగా నివసించు తెలుగు కుటుంబములలో పెండ్లిపాటలు, మంగళహారతులు, లాలిపాటలు, కోలాటపు పాటలు కలవు. వానిలో కన్నడపు మాటలు చేరినవి, తమిళపు యాస చేరినది. అవి ఆంధ్రదేశమున లేవు. ఇచటనే పుట్టి ఇచటనే మారినవి. వానికి ప్లేటు లేదు, పుస్తకము లేదు, రాగిరేకు లేదు. అవ్వ నోట నున్నంతవరకే వాని ఆయువు.

మన బిడ్డల స్థితి ఇట్లున్నది. ఇంట తెలుగు మాటలాడుదురు. బడిలో కన్నడము, ఇంగ్లీషు చదువుదురు. తెలుగు లిపి చదువగలవారు తరమునకు తరము తగ్గుచున్నారు. అట్టివారికి భాష చేరుత్రోవలలో పాట ముఖ్యమైనది. 2022లో విడుదలయైన ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రములోని ‘నాటు నాటు’ పాట 2023 మార్చిలో ఆస్కారు బహుమానమును పొందినది. చంద్రబోసుగారు రచించి, కీరవాణిగారు స్వరపరచిన ఆ పాట హిందీ, తమిళము, కన్నడము, మలయాళములలోను వచ్చినది. ఒకే వరుస, ఒకే అడుగు, అయిదు భాషలు. బెంగుళూరున పెండ్లిపందిరిలో మన పిల్లలు ఆడునపుడు తెలుగు ప్రతి వేయవలెనా, కన్నడ ప్రతి వేయవలెనా యని వాదించుకొనిన వినుట మాకు సంతోషకరమే. వాదించుకొనువారికి పాటమీద మమకారమున్నది. వాదమే లేనినాడు కదా భయపడవలసినది!

కావున మన సంఘముల కార్యక్రమములను నిర్ణయించు పెద్దలకు మేమొక మనవి చేయుచున్నాము. ఏటేట ఉగాదికిని సంక్రాంతికిని మనము వ్రాయు కార్యక్రమపత్రమును ఒక జాబితాయే. మన పిల్లలకు తెలుగు పాట అనగా ఏమో ఆ పత్రమే నేర్పుచున్నది. అందు పంచరత్నములుండనిండు, అన్నమయ్య యుండనిండు, సినిమాపాట యుండనిండు. పురందరదాసుని పదమును తప్పక యుండనిండు. వానితోబాటు ఏటికొకటి చొప్పున ఎచ్చటను అచ్చుపడని పాటను ఒక యింటినుండి తెచ్చి పాడింపవలెను. పాడిన అవ్వ పేరు, ఊరు పత్రమున వేయవలెను. ఆ పాట మాటలను తెలుగు లిపిలోను, ప్రక్కనే కన్నడ లిపిలోను అచ్చొత్తవలెను. రెండు లిపులును అక్కచెల్లెండ్ర వంటివి. ఒకటి తెలిసిన బిడ్డ రెండవదానిని కొద్దినాళ్లలో పోల్చుకొనగలడు. పాటను మార్చవలదు, సవరింపవలదు, నచ్చని చరణమును తీసివేయవలదు. వినువారు తమకు నచ్చినదానిని తామే ఎన్నుకొందురు.

పదియేండ్లు ఇట్లు చేసినచో పది పాటలగును. అది పెద్దసంఖ్య కాదు. కాని ఏ జాబితాలోను లేని పది పాటలు అవి. ముందు ఏ యంత్రము వచ్చునో, ఏ పాత్ర వచ్చునో మనమెరుగము. అది వచ్చిననాడు మన మనుమలు “మా అవ్వ పాట ఇందులో ఏల లేదు?” అని అడుగుటకు, అట్టి పాట యొకటి యుండెనని వారికి తెలిసియుండవలెను గదా. ఈ ఉగాదికి ఆ మొదటి పాట ఏ యింటినుండి వచ్చునోయని మేము ఎదురుచూచుచున్నాము.